ఏ లాగ్‌లోనూ దొరకని తప్పు

గ్నోమ్ 2 ఇప్పుడు లేదు. 2010 సెప్టెంబరులో వచ్చిన 2.32 ఆ లినక్స్ డెస్క్‌టాప్‌కు చివరి ప్రధాన విడుదల. మరుసటి ఏడాది ఏప్రిల్ 6న గ్నోమ్ 3.0 వచ్చి, దాని పేరు తాను పెట్టుకుని, దాని చోట తాను కూర్చుంది. తొమ్మిదేళ్ళ పాటు లినక్స్ అనగానే ఎందరికో కళ్ళ ముందు మెదిలిన ఆ రెండు పట్టీల తెర, పైనొకటి కిందొకటి, ఒక్క అప్‌గ్రేడ్‌తో చెరిగిపోయింది. ఈ గాథ చివర ఏముందో ముందే తెలుసు. తెలిసి కూడా చెప్పుకోవడం ఎందుకంటే, అది అలా పోవలసిన అవసరం లేదు గనక; నిలబడగలిగిన చోట్లు దారి పొడుగునా ఉన్నాయి గనక; ఒక్కో చోటునూ చేజార్చుకుంటూనే అది పోయింది గనక.

పుట్టినప్పుడు దాన్ని ముద్దు చేసినవాళ్ళు తక్కువ. 2002 జూన్‌లో 2.0 వెలువడినప్పుడు, పాత 1.4కు అలవాటుపడ్డవాళ్ళు మా ఆప్షన్లన్నీ ఏమయ్యాయని నిలదీశారు. అంతకు ముందు ఏడాది సన్ మైక్రోసిస్టమ్స్ మామూలు మనుషుల్ని గ్నోమ్ ముందు కూర్చోబెట్టి, వాళ్ళు ఎక్కడ తడబడుతున్నారో ఓపిగ్గా గమనించింది. ఆ పరిశీలన నుంచీ, దాని వెంట వచ్చిన ఇంటర్‌ఫేస్ మార్గదర్శకాల నుంచీ గ్నోమ్ 2 తన స్వభావాన్ని తెచ్చుకుంది. తక్కువ అడగాలి, తక్కువ చెప్పాలి, పనికి అడ్డం రాకూడదు. ఆ తర్వాత ఆరు నెలలకొక విడుదల. ఒక్కో విడుదలకూ ఒక్కో గరుకు నునుపయ్యేది. నిన్న మొరాయించిన పెన్ డ్రైవ్ ఇవాళ పెట్టగానే తెరుచుకునేది. దాని మీద ఇష్టం మెల్లగా కలిగింది, కలిగాక కుదురుకుంది.

ఎంత సాదా తెర అది! పైన ఎడమ మూల అప్లికేషన్స్, ప్లేసెస్, సిస్టమ్ అని మూడు మెనూలు. కుడి మూల గడియారం, నొక్కితే ఆ నెల క్యాలెండరు. కింది పట్టీ మీద తెరిచి ఉన్న విండోలు వరసగా, చివర వర్క్‌స్పేసుల చిన్న చిన్న గళ్ళు. పట్టీలో ఖాళీగా ఉన్న చోట కుడి బటన్ నొక్కితే, ఇక్కడ ఏం పెట్టుకుంటావని అడిగేది. వాతావరణం పెట్టుకోవచ్చు, ప్రాసెసర్ మీద పడుతున్న భారాన్ని చూపే గీతలు పెట్టుకోవచ్చు, వాండా అనే చేపను కూడా పెట్టుకోవచ్చు. ఏ పనీ లేని ఆ చేప తోక ఆడిస్తూ అక్కడే ఉండేది, నొక్కితే ఒక సూక్తి చెప్పేది. ఆ రోజుల్లో లినక్స్ నేర్పే పాఠాలు చాలావరకు ఒకే వాక్యంతో మొదలయ్యేవి: అప్లికేషన్స్‌లోకి వెళ్ళు, అందులో యాక్సెసరీస్, అందులో టెర్మినల్.

తెలుగువాళ్ళకు దానితో ఇంకొక బంధం కూడా ఉంది. గ్నోమ్ 2 తన పునాదిలోకి తీసుకున్న పాంగో అనే లైబ్రరీ భారతీయ లిపుల అమరికను నేర్చుకుంది. ఒత్తులు అక్షరం కిందకీ, గుడులు అక్షరం మీదకీ చేరి, మన మాట తెర మీద మన మాటలాగే కనిపించింది. ఆ మెనూలనూ, ఆ హెచ్చరికలనూ, ఆ చిన్న చిన్న బటన్ల పేర్లనూ అనువాదకులు వరస వరసగా తెలుగులో పెట్టారు. ఆ శ్రమలో కొంత కొత్త రూపంలోకీ వచ్చి చేరింది. ఎవరూ చూడని తెరల కోసం రాసిన మాటలుగా మిగిలిపోయింది మిగతా భాగం.

కరెంటు పోయిన రాత్రి కూడా సొంత ఇంట్లో చెయ్యి అగ్గిపెట్టె ఉన్న గూటి మీదికే పోతుంది. ఆ తెర వాడినవాళ్ళ చేతికి అంత అలవాటైంది. అలా అలవాటైనదాన్ని ఎవరూ కళ్ళతో చూడరు. అందుకే అది ఎంత విలువైనదో పోయేదాకా తెలియలేదు.

మొదటి అవకాశం ఒక హెచ్చరికగా, పొరుగు డెస్క్‌టాప్ ప్రాజెక్టు నుంచే వచ్చింది. 2008 జనవరి 11న కేడీఈ 4.0 వెలువడింది. ఇది ఇంకా పసికందే, తొందరపడేవాళ్ళ కోసమేనని తయారుచేసినవాళ్ళు చెప్పినా, సంఖ్య మాత్రం పెద్దవాళ్ళ సంఖ్య. లినక్స్‌ను కూర్చి అందించే డిస్ట్రిబ్యూషన్లు దాన్ని మామూలు వాడుకరుల చేతికి ఇచ్చేశాయి. పాత 3.5లో ఉన్న పనులు కొత్తదాంట్లో కనబడక, అలవాటైన చేతులు గాలిలో ఆగిపోయాయి. ఆ గాయం పచ్చిగా ఉన్నప్పుడే, అదే ఏడాది జులైలో ఇస్తాంబుల్‌లో జరిగిన సమావేశంలో, గ్నోమ్ వాళ్ళు తమ 3.0 సంకల్పాన్ని ప్రకటించారు. పక్కవాళ్ళకు తగిలిన దెబ్బ నుంచి తీసుకోవలసిన పాఠం ఒక్కటే: కొత్తది నడక నేర్చేదాకా పాతదాన్ని పడగొట్టకూడదు. ఆ పాఠం అక్కడే ఉంది, చేతికందేంత దగ్గర్లో. ఎవరూ అందుకోలేదు.

తప్పంతా వాళ్ళదే అనడానికి మనసొప్పదు. పట్టీ మీది ఆప్లెట్లను నడిపిన బోనోబో అనే వ్యవస్థ పాతబడిపోయింది. సెట్టింగులను దాచిన జీకాన్ఫ్ బరువెక్కింది. ఆ కోడ్‌ను కనిపెట్టుకుని ఉన్నవాళ్ళు కొద్దిమంది, వాళ్ళూ అలిసిపోయారు. అందంగా, నిశ్చలంగా, మనసును చెదరగొట్టని తెర ఒకటి కట్టాలన్న కల నిజమైన కలే. కల కన్నవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. అందుకే ఈ కథ ఇంత బరువుగా ఉంటుంది. కోపం తెచ్చుకుందామన్నా ఎవరి మీదా నిలవదు.

రెండో అవకాశం కాలమే ఇచ్చింది. మొదటి లెక్క ప్రకారం 3.0 రావలసింది 2010 మార్చిలో. అది సెప్టెంబరుకు వాయిదా పడింది, అక్కడి నుంచి మరుసటి వసంతానికి. కోరకుండానే ఒక ఏడాది చేతికొచ్చింది. ఆ ఏడాదంతా గ్నోమ్ షెల్ అనే కొత్త తెరను తీర్చిదిద్దడానికే ఖర్చయింది. పాతది ఎక్కడ ఉంటుంది, ఎవరి చేతుల్లో ఉంటుంది, ఎంతకాలం ఉంటుంది అన్న మాటకు సమాధానం మిగలలేదు.

మూడోది అన్నిటికన్నా చిన్నది, తలుచుకుంటే అన్నిటికన్నా బాధ పెట్టేది. పునాదిలోని జీటీకే లైబ్రరీని కట్టినవాళ్ళు ముందుచూపుతో పని చేశారు. జీటీకే 2, జీటీకే 3 ఒకే యంత్రంలో పక్కపక్కన బతికేలా వేర్వేరు పేర్లూ వేర్వేరు చోట్లూ ఇచ్చారు. వాటి మీద నిలబడే డెస్క్‌టాప్‌కు ఆ ఏర్పాటు జరగలేదు. పాత పట్టీ పేరూ గ్నోమ్-ప్యానెలే, కొత్త పట్టీ పేరూ గ్నోమ్-ప్యానెలే. పాత ఫైల్ మేనేజరూ నాటిలస్సే, కొత్తదీ నాటిలస్సే. ఒకే పేరు మీద రెండు ప్యాకేజీలు ఒక యంత్రంలో ఉండలేవు. కొత్తది దిగిన క్షణాన పాతది తుడిచిపెట్టుకుపోవాల్సిందే. పేర్లు వేరు చేసి ఉంటే, లాగిన్ తెర మీద రెండు వరసలు కనబడేవి. ఎవరికి ఎప్పుడు మనసైతే అప్పుడు ఒకదాంట్లోంచి ఇంకొకదాంట్లోకి నడిచేవాళ్ళు.

ఇంతలో బయటి ఆసరా కూడా జారింది. 2010 అక్టోబరులో ఉబుంటు అనే డిస్ట్రిబ్యూషన్ తన సొంత తెర యూనిటీనే ముందుకు తెస్తానని ప్రకటించింది. 2011 ఏప్రిల్‌లో వచ్చిన 11.04లో లాగిన్ దగ్గర ఉబుంటు క్లాసిక్ అనే పేరుతో పాత తెరను ఎంచుకునే వీలు ఇంకా ఉంది. అక్టోబరులో వచ్చిన 11.10లో అదీ పోయింది. కన్న గ్నోమ్ వాళ్ళూ, పెంచిన ఉబుంటు వాళ్ళూ ఒకే ఏడాదిలో చెయ్యి వదిలేశారు.

ఇక ఆ రాత్రి. 2011 మేలో మరో డిస్ట్రిబ్యూషన్ ఫెడోరా 15 గ్నోమ్ 3తో వచ్చింది. 14 మీద ఉన్న ఒక మనిషి, ఎప్పటిలాగే, అప్‌గ్రేడ్ మొదలుపెట్టి భోజనానికి లేచి ఉంటాడు. ప్యాకేజీలు దిగాయి, యంత్రం రీస్టార్ట్ అయింది, పాస్‌వర్డ్ అడిగింది. తర్వాత తెర మీద నీలి వాల్‌పేపరూ, పైన నల్లటి గీతలాంటి పట్టీ ఒకటీ. మూడు మెనూలు లేవు. కింది పట్టీ లేదు. డెస్క్‌టాప్ మీది ఫైళ్ళు కనిపించడం లేదు. విండో తెరిస్తే, మూసే గుర్తు ఒక్కటే ఉంది. చిన్నది చేసేదీ పెద్దది చేసేదీ మాయమయ్యాయి. పడుకుందామని మెనూ తెరిస్తే అందులో సస్పెండ్ మాత్రమే ఉంది. ఆల్ట్ నొక్కి పట్టుకుంటే తప్ప పవర్ ఆఫ్ అన్న మాట బయటికి రాదు. అది చెప్పేవాళ్ళెవరు?

అతనిది ఇంకా అదృష్టం. 3డి డ్రైవర్ సరిగా లేని గ్రాఫిక్స్ చిప్‌లున్న చవక యంత్రాల్లో కొన్నిటికి ముక్కలు ముక్కలుగా చెదిరిన తెర వచ్చింది, కొన్నిటికి ఏడుపు ముఖం పెట్టిన కంప్యూటర్ బొమ్మ, దాని కింద లాగ్ అవుట్ బటన్ ఒక్కటే.

ఏదో విరిగిందనుకున్నాడతను. అనుకోక ఏం చేస్తాడు? ఇన్నేళ్ళూ నేర్చుకున్న విద్యంతా బయటికి తీశాడు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 నొక్కి నల్లటి కన్సోల్‌లోకి వెళ్ళాడు. ఎక్స్ సర్వర్ లాగ్ తెరిచి, తప్పులను చూపే రెండు ‘ఈ’ అక్షరాల గుర్తు కోసం వరస వరసా వెతికాడు. ఎక్స్‌సెషన్-ఎర్రర్స్ ఫైలు చివరిదాకా చదివాడు. డ్రైవర్ మళ్ళీ వేశాడు. సెట్టింగులే పాడయ్యాయేమోనని కొత్త యూజర్ ఖాతా ఒకటి తెరిచి, దాంతో లాగిన్ అయ్యాడు. అక్కడా అదే నీలి తెర. అప్పుడు తెలిసివచ్చింది. యంత్రం బాగానే ఉంది. సాఫ్ట్‌వేర్ తనకు చెప్పినట్టే నడుస్తోంది. అతను వెతుకుతున్న తప్పు ఏ లాగ్‌లోనూ లేదు, ఎందుకంటే అది తప్పు కాదు, నిర్ణయం.

చెడిపోయినదాన్ని బాగు చేసే విద్య అతనికి ఉంది. తీసేసినదాన్ని బాగు చేసే విద్య ఎవరికుంటుంది?

హోమ్ ఫోల్డర్‌లో, చుక్కతో మొదలై మామూలుగా కంటికి కనబడని జీకాన్ఫ్ ఫోల్డర్ ఇంకా ఉంది. అందులో ఆప్స్, అందులో ప్యానెల్. చిన్న చిన్న ఎక్స్‌ఎంఎల్ ఫైళ్ళు. పై పట్టీ ఎత్తు ఎంత, గడియారం ఎటు పక్క, ఏ ఐకాన్ తర్వాత ఏ ఐకాన్, చేప ఏ మూల. ఇన్నేళ్ళుగా అతను సర్దుకున్నదంతా ఒక్క అక్షరం చెదరకుండా అక్కడే ఉంది. కొత్త షెల్‌కు వాటితో పని లేదు. అది వాటిని తెరిచి కూడా చూడదు. ఇల్లే లేకుండా పోయిన తర్వాత కూడా డిస్క్ మీద నిలిచి ఉన్న ఆ సెట్టింగులను తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

జాలిపడి ఒక నీడ మిగిల్చారు. 3డి లేని యంత్రాల కోసం ఫాల్‌బ్యాక్ అనే రూపం ఉండేది. చూడ్డానికి అచ్చం పాతదే. ఆశగా పట్టీ మీద కుడి బటన్ నొక్కితే మాత్రం పలికేది కాదు, ఆల్ట్‌తో కలిపి నొక్కాలి. రెండేళ్ళు అలా గడిచింది. ఆలోగా ప్రాసెసరే 3డి పనిని మోసే పద్ధతి కుదిరింది. ఫాల్‌బ్యాక్‌ను చూసుకునేవాళ్ళూ కరువయ్యారు. 2013 మార్చిలో వచ్చిన 3.8లో దాన్నీ తీసేశారు.

కొందరు వదలలేదు. 2011లోనే అర్జెంటీనాకు చెందిన పెర్బెరోస్ అనే వాడుకరి పాత కోడ్‌ను చేతిలోకి తీసుకుని మాటే ప్రాజెక్టు మొదలుపెట్టాడు. మొదట చెయ్యాల్సి వచ్చిన పని ఏమిటో చూడండి: పేర్లు మార్చడం. నాటిలస్ కాహా అయింది, జీఎడిట్ ప్లూమా అయింది, మెటాసిటీ మార్కో అయింది. ఏ చిన్న పని ముందే చేసి ఉంటే ఎవరికీ ఏదీ పోయేది కాదో, ఆ పనిని ఒక బయటి మనిషి, అంతా అయిపోయాక, ఒక్కో ఫైలూ తెరిచి చేశాడు. 2017లో మాటే 1.18 ఆ పాత తెరను పాత రూపంలోనే పూర్తిగా జీటీకే 3 మీదికి చేర్చింది. కుదరదని ఎవరైనా అనుకుని ఉంటే, కుదిరింది. ఆలస్యంగా, కొద్దిమంది స్వచ్ఛంద సేవకుల చేతుల మీదుగా, అప్పటికే చెదిరిపోయిన జనానికి.

అవును, చెదిరిపోయారు. కొందరు ఎక్స్‌ఎఫ్‌సీఈకి పోయారు. లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ కూడా అప్పట్లో అటే వెళ్ళి, 2013లో గ్నోమ్ 3కి తిరిగొచ్చాడు. కొందరు లినక్స్ మింట్ వాళ్ళ సినమన్ చెంతకు చేరారు. కొందరు లినక్స్‌నే విడిచి, ఎవరికీ చెప్పకుండా, పాత కిటికీల లోకానికి తిరిగిపోయారు. ఆ వెళ్ళినవాళ్ళ లెక్క ఎవరూ రాసుకోలేదు. అసలు గ్నోమ్ 2 మాత్రం రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 6 లోపల, ఆఫీసుల సర్వర్ గదుల్లో, 2.28 రూపంలో చాలాకాలం ఊపిరి పీల్చుకుంది. 2020 నవంబరు 30న దాని నిర్వహణ గడువూ తీరిపోయింది.

గ్నోమ్ 3 తర్వాత ఎదిగింది, ఎందరికో ఇష్టమైంది. వాళ్ళ ఇష్టం తక్కువది కాదు. అయినా ఈ శోకం నిలిచే ఉంటుంది, ఎందుకంటే కొత్తది రావడానికి పాతది చావాలని ఎక్కడా రాసి లేదు. డెస్క్‌టాప్ అంటే కోడ్‌తో పాటు దాని మీద జనం ఏళ్ళ తరబడి పెట్టుకున్న అలవాటు కూడా. కోడ్‌ను రాసినవాళ్ళు మార్చుకోవచ్చు. ఆ అలవాటుకు మాత్రం వాళ్ళు ధర్మకర్తలే గాని యజమానులు కారు. రేపు ఇంకెవరో ఇంకొక తెరను కొత్తగా కడతారు. కట్టండి, కట్టాలి. కొత్తదానికి కొత్త పేరు పెట్టండి. పాతదాన్ని దాని పేరుతో దాని చోట ఉండనివ్వండి. మనిషి తనంతట తానే, తనకు వీలైన రోజున, అందులోంచి ఇందులోకి నడిచి రావడానికి వ్యవధి ఇవ్వండి. గ్నోమ్ 2కు దక్కనిది ఆ వ్యవధే.