బండి కింద దిమ్మ కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, ముప్పై ఏళ్ళు వర్క్‌షాపులో గ్రీజు పూసుకున్నవాడికి రాయడానికి ఏముంటుందిలే అనుకున్నాను. ఇంతలో మా మనవడు కారును జాకీతో ఎత్తి, ఏదో శబ్దం వస్తోందని దాని కిందికి సగం దూరిపోయాడు. కాళ్ళు పట్టుకుని బయటికి లాగాను. "రెండు టన్నులు మోస్తుందని దాని మీదే రాసి ఉంది కదా తాతయ్యా!" అన్నాడు. వాడికి ఆ సాయంత్రం చెప్పిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

ద్రవం మీద ఒకచోట పెట్టిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశస్థుడు పాస్కల్ చెప్పాడు. ఆ సూత్రంతో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్సు తయారుచేసి 1795లో పేటెంటు పొందాడు. చేత్తో మోసుకుపోగలిగిన హైడ్రాలిక్ జాకీకి 1851లో న్యూయార్కులో రిచర్డ్ డడ్జన్ పేటెంటు తీసుకున్నాడు. మన బాటిల్ జాకీ దానికి మనవడి వరస. చిన్న పిస్టన్‌ను నొక్కితే పెద్ద పిస్టన్ బండిని లేపుతుంది. అయితే ఆ బలమంతా లోపలి నూనె బయటికి పోనంతసేపే.

ఈ సంగతి ఎంత పెద్ద విషయమో వేల్సు దేశంలోని బ్రిటానియా వంతెన చెబుతుంది. మెనై జలసంధి మీద ఆ రైలు వంతెన కట్టినవాడు రాబర్ట్ స్టీఫెన్‌సన్, రైలింజన్ల జార్జి స్టీఫెన్‌సన్ గారి కుమారుడు. రైలు లోపలి నుంచి వెళ్ళేటంత పెద్ద ఇనుప గొట్టాలు, ఒక్కొక్కటి 1,500 టన్నుల పైమాటే. వాటిని పడవల మీద తేల్చి తెచ్చి, స్తంభాల మీద అమర్చిన హైడ్రాలిక్ ప్రెస్సులతో దాదాపు 100 అడుగుల ఎత్తుకు లేపాలి. గొట్టం కొంచెం లేచినప్పుడల్లా దాని కింద ఖాళీ ఉంచకుండా నింపుకుంటూ రావాలని స్టీఫెన్‌సన్ కట్టడి చేశాడు. పని నెమ్మదిస్తుందని తెలిసీ చేశాడు. 1849 ఆగస్టు 17న ప్రెస్సు సిలిండరు అడుగుభాగం ఊడిపోయింది. గొట్టం పడింది, కానీ అడుగు లోతు కూడా పడలేదు. ఆ కాస్త పాటుకే ఇనుము దెబ్బతిన్నది. కింద ఏమీ లేకపోయి ఉంటే గొట్టమూ దక్కేది కాదు, వంతెనా దక్కేది కాదు. కొత్త సిలిండరు పోతపోయించి మళ్ళీ ఎత్తారు. 1850 మార్చిలో వంతెన మీద రైలు నడిచింది.

మర జాకీలకు కారే నూనె లేదు కదా అనవచ్చు. అమెరికాలోని చికాగోలో మురుగు కాలువల కోసం వీధులు ఎత్తు చేయవలసి వచ్చి, ఇళ్ళనే లేపారు. 1860లో లేక్ వీధిలో ఒక వరస భవనాలను 600 మంది మనుషులు 6,000 మర జాకీలు తిప్పి ఎత్తారు. అక్కడా జాకీల మీద వదిలేయలేదు, కింద కొత్త పునాది గోడలు కట్టి వాటి మీదే నిలిపారు.

నా ఉద్యోగం తొలిరోజుల్లో ఒక లారీ షెడ్డులో చూసినది చెబుతాను. హెల్పరు కుర్రవాడు యాక్సిల్ కింద వెల్లకిలా పడుకుని ఉండగా జాకీ సీలు పోయింది. చప్పుడు కూడా సరిగా కాలేదు, బండి కూర్చుండిపోయింది. వాడి ఛాతీకీ యాక్సిల్‌కూ మధ్య మిగిలిన జానెడు సందు, అంతకు ముందే మేస్త్రీ బూతులు తిట్టి పెట్టించిన పాత స్లీపరు దిమ్మ పుణ్యం. కుర్రవాడు బయటికి వచ్చి చాలాసేపు మాట్లాడలేదు.

ఇప్పుడు ఆ దిమ్మ స్థానంలో ఇనుప స్టాండ్లు వచ్చాయి. బండిని గట్టి సమతల నేల మీద నిలిపి, హ్యాండు బ్రేకు వేసి, నేల మీద ఉండే చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టాలి. జాకీ, స్టాండు ఎక్కడ ఆనించాలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. రేకు మీద ఆనిస్తే చొట్ట పడి జారుతుంది. స్టాండు పెట్టాక జాకీని మెల్లగా దింపి, బరువు స్టాండు మీదికి వచ్చిందో లేదో చూసి, బయటి నుంచే బండిని ఒకసారి కదిపి చూడాలి. మనవాళ్ళు ఇటుకలు పేరుస్తారు. ఇటుక చెప్పకుండా పగులుతుంది, దానిని మాత్రం నమ్మవద్దు.

స్టాండునూ గుడ్డిగా నమ్మలేం. 2020లో అమెరికాలో ఒక కంపెనీ తన స్టాండ్లను లక్షల సంఖ్యలో వెనక్కి పిలిచింది. లోపలి పళ్ళచక్కీ సరిగా పట్టక, బరువు మీద ఉండగానే దిగిపోయే ప్రమాదం ఉందట. వాటికి బదులు ఇచ్చినవాటిలో కొన్నింటికి వెల్డింగు లోపం బయటపడి, వాటినీ వెనక్కి పిలిచారు. అందుకే స్టాండుతో పాటు విప్పిన చక్రాన్నో స్టెప్నీనో పడుకోబెట్టి బండి అంచు కిందికి తోసి ఉంచమంటాను.

పోయిన ఆదివారం మనవడు రెండు స్టాండ్లు కొనుక్కొచ్చాడు. నేను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. స్టెప్నీ మరచిపోతాడేమో అని చూశాను, మరచిపోలేదు. తీరా చూస్తే ఆ శబ్దం వదులైన సైలెన్సరు క్లాంపుది.