మా వంటింటి అరలకి ఏ తెలుపు?

పదిహేను రోజులుగా మా వంటింట్లో ఆరు తెలుపులు ఉన్నాయి. గుమాస్తాలు వాడే అట్టంత ప్లైవుడ్ ముక్కలు ఆరు తెచ్చి, ఒక్కొక్క దానికి ఒక్కో రంగు రెండు కోట్లు వేసి, గట్టు మీద గోడకి ఆనించి పెట్టాను. ఇంటికి వచ్చినవాళ్ళంతా చూసి "అన్నీ ఒకటే కదా" అంటున్నారు. మావారైతే మొదటి రోజే చేతులెత్తేశారు. ఒకటే కాదని గట్టిగా చెప్పింది మా అత్తయ్య ఒక్కరే. అదీ ఒక కన్ను మూసుకుని ఒకసారి, ఇంకో కన్ను మూసుకుని ఒకసారి చూసి చెప్పింది.

ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు ఈ ఊరి రంగు గురించి రెండు మాటలు.

మేముండేది ఎర్రమంజిల్‌లో. పేరులోనే ఎరుపు ఉంది కదా అనుకుంటాం. మా స్టేషన్ మీదుగా వెళ్ళే మియాపూర్–ఎల్బీనగర్ మెట్రో మార్గానికి కూడా ఎర్రగీత అనే పేరు. కానీ అసలు పేరు 'ఇరమ్ మంజిల్'. ఇరమ్ అంటే అరబ్బీ, పారశీక కథల్లో స్వర్గంలాంటి తోట. నిజాం కొలువులో పెద్ద పదవుల్లో ఉన్న నవాబు ఫఖ్రుల్ ముల్క్ 19వ శతాబ్దం రెండో సగంలో ఇక్కడి గుట్ట మీద కట్టించుకున్న భవనం అది. మన వాళ్ళు ఆ గుట్టని ఎర్రగడ్డ అనేవారనీ, ఆ తెలుగు 'ఎర్ర'కి దగ్గరగా ఉంటుందనే నవాబు 'ఇరమ్' పేరు ఎంచుకున్నాడనీ చెప్తారు. తర్వాత అది సర్కారు చేతికి వచ్చి, ఇంజనీర్ల కార్యాలయాలు నడిచాయి. 2019లో దాన్ని పడగొట్టి కొత్త శాసనసభ కట్టాలని ప్రభుత్వం నిర్ణయించి, జూన్ నెలలో శంకుస్థాపన కూడా చేసింది. అదే ఏడు సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. భవనం నిలిచింది.

ఆ కేసు నడిచిన రోజుల్లో పేపర్లో వచ్చిన ఫొటోలన్నీ శ్రద్ధగా చూసేదాన్ని. పెచ్చులూడిన గోడల మీద, పూలూ తీగల నగిషీల మీద నా కన్ను పడేది. మేడ పేరులో మనం ఎరుపు వింటున్నాం గానీ ఆ నగిషీలకి ప్రాణం సున్నం. హైదరాబాదు మొత్తానికీ అంతే. 1591 నాటి చార్మినారు పైన కనిపించే పూలపనంతా సున్నపు గచ్చే. 2013 నుంచి కుతుబ్‌షాహీ సమాధులని బాగుచేసినప్పుడు కూడా సిమెంటు పూతలు గీకి తీసేసి మళ్ళీ గచ్చు సున్నమే వాడారు. అందులో బెల్లం, మారేడు గుజ్జు, మినప్పప్పు, కోడిగుడ్ల సొన లాంటివి కలిపేవారంటే సగం సామాను వంటింటిదే!

సున్నం తెల్లగా ఉంటుందని అందరం అంటాం. కానీ మీ చిన్నతనంలో సున్నం వేసిన గోడ ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. అది కాగితం తెలుపు కాదు. సున్నపురాయిలో ఎంతో కొంత మట్టి, ఇనుపఛాయ ఉంటాయి. అందుకే కాల్చి, నానబెట్టి, వడగట్టి వేసినా గోడకి కాస్త వెచ్చని తెలుపే వచ్చేది. నల్గొండ దగ్గర మా ఊళ్ళో దసరా ముందు ఇంటింటా సున్నాలు వేసేవారు. గోళెంలో సున్నపు గుల్లలు పోసి నీళ్ళు కొడితే కుతకుత ఉడికేది. మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు. వేసినప్పుడు గోడ బూడిదరంగుగా, తడిగా ఉండి, ఆరుతున్న కొద్దీ తెల్లబడేది. గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుని సున్నం మళ్ళీ రాయిగా మారుతుందని చాలా ఏళ్ళ తర్వాత మా అబ్బాయి సైన్సు పుస్తకంలో చదివాను. గడపలకీ గోడల అంచులకీ జాజు పూసేవారు. తెలుపూ ఎరుపూ పక్కపక్కనే ఉండేవి.

వంటింటి గోడ సంగతి వేరు. కొత్త సున్నం మీద పసుపు చెయ్యి తగిలితే ఆ మరక ఎర్రగా అయ్యేది. పసుపూ సున్నమూ కలిస్తే పారాణి కదా! దిష్టినీళ్ళూ అంతే. అమ్మ తిట్టేది గానీ, మళ్ళీ దసరాకి ఇంకో పూత పడగానే అదీ పోయేది. ఏడాదికోసారి గోడ కొత్తదయ్యే ఇంట్లో మరక శాశ్వతం కాదు.

మరి పాలలాంటి, మల్లెలాంటి, కొంచెం నీలం ఛాయ తేలే తెలుపు ఎప్పుడొచ్చింది? నీలిమందుతో వచ్చింది. రాతి నుంచి తీసే అసలు నీలిరంగు ఒకప్పుడు బంగారంతో పోటీపడే ఖరీదు. దాన్ని కృత్రిమంగా చేసినవారికి 6000 ఫ్రాంకులు ఇస్తామని 1824లో ఫ్రాన్సులో ఒక సంఘం ప్రకటించింది. 1828లో గిమే అనే రసాయన శాస్త్రవేత్త ఆ బహుమతి గెలుచుకున్నాడు. అక్కడి నుంచి నీలం చవకై, చాకిరేవుల దాకా వచ్చేసింది. బట్టలోని పసుపు ఛాయని నీలం కప్పేస్తుంది. అంటే బట్ట నిజంగా ఎక్కువ తెల్లబడదు, మన కన్నే మోసపోతుంది. పంచెకి పెట్టిన నీలాన్నే సున్నంలోనూ చిటికెడు కలిపారు. ఆ తర్వాత ట్యూబులైటు వచ్చింది. ఇలా రెండు మూడు తరాల్లో నీలం ఛాయ ఉంటేనే తెలుపు, లేకపోతే మాసిపోయినట్టు అని మన కళ్ళు నేర్చుకున్నాయి.

బి.ఏ. తెలుగు చదివినదాన్ని కదా, మాటల దగ్గర ఆగకపోతే నాకు తోచదు. మన పాత మాటల్లో తెలుపు ఒక్కటే కాదు. ధవళం వేరు, పాండువు వేరు, ధూసరం వేరు. పాండువంటే పసుపు కలిసిన తెలుపు, ధూసరమంటే బూడిద ఛాయ తెలుపు. భారతంలో పాండురాజుకి ఆ పేరు వచ్చింది ఒంటి రంగు వల్లే. రంగుల కొట్లో షేడ్ కార్డు చూస్తుంటే, వాళ్ళు వందల పేర్లతో అమ్ముతున్నవన్నీ ఈ రెండింట్లోనే ఇమిడిపోతాయనిపించింది. మనం వెతుకుతున్న 'వెచ్చని తెలుపు' పాండువే. పొరపాటున ధూసరం తెచ్చుకుంటే వంటిల్లు మబ్బుపట్టినట్టు ఉంటుంది.

ఇంతకీ వంటింటి అరలకి మీగడ రంగు వేయాలన్న ఆలోచనకి పెద్ద వయసేమీ లేదు. కట్టెలపొయ్యి ఉన్న ఇంట్లో ఏ తెలుపు నిలుస్తుంది? వాసాలు, అటక, ఉట్టి అన్నీ మసి. తర్వాత కిరోసిన్ స్టవ్వు వచ్చింది, దాని మసి దానిది. ఇండేన్ గ్యాసు 1965లో మొదలైనా మొదట పట్నంలో కాస్త ఉన్నవాళ్ళ ఇళ్ళకే చేరింది. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చాకే ఎన్నో పల్లె వంటిళ్ళలో పొగ తగ్గింది. మా అమ్మ వంటింటి గోడకి మొదటిసారి లేత రంగు వేయించింది గ్యాసు వచ్చిన తర్వాతే. పొయ్యి మారితేనే గోడ రంగు మారింది.

ఇక మా ఇంటి కథ. ఈ ఫ్లాట్ అరలకి మేం రాకముందే తెల్ల ఎనామిల్ వేసి ఉంది. అది మెల్లగా పసుపుబారింది. మూసి ఉంచే తలుపు లోపలివైపు మరీ ఎక్కువ. నూనెతో చేసే ఎనామిల్ గుణమే అది. వెలుతురు తగలని చోట, వేడి తగిలే చోట త్వరగా పసుపెక్కుతుంది. వంటింట్లో ఆ రెండూ ఉన్నాయి. నేను మాత్రం ఆ పసుపంతా మా అత్తయ్య చేతి పసుపే అనుకున్నాను.

దాచడమెందుకు, ఐదారేళ్ళుగా మా ఇద్దరికీ ఆ తలుపుల దగ్గరే గొడవ. పొద్దున వంట ఆవిడదే. పోపు డబ్బా అర తీసిన చోటల్లా వేళ్ళ గుర్తులు. "అత్తయ్యా, తుడిచారా?" అంటే "తుడిచిన బిడ్డా" అనేది. వెళ్ళి చూస్తే మరక అక్కడే ఉండేది. పెద్దావిడ, శుభ్రం పట్టదు, పైగా అబద్ధం చెప్తోంది అనుకునేదాన్ని. ఒకసారి చుట్టాల ముందు అననే అన్నాను. ఆవిడ ఏమీ మాట్లాడలేదు.

ఈ చలికాలంలో ఆవిడ కుడికంటికి శుక్లం తీశారు. కట్టు విప్పిన మూడోరోజు వంటింట్లోకి వచ్చి అలాగే నిలబడిపోయింది. "ఇన్ని మరకలున్నయా బిడ్డా? నాకు కానరాలేదు" అంది. ఆ మాటతో నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది.

శుక్లం ముదిరిన కంటిలోని కటకం పసుపుబారుతుంది. నీలపు వెలుగుని లోపలికి రానివ్వదు. ఆ కంటికి లోకమంతా పసుపుగాజులోంచి చూసినట్టే. పసుపెక్కిన తలుపు మీద పసుపు మరక ఎలా కనిపిస్తుంది? ఆవిడ అబద్ధం చెప్పలేదు. నిజంగానే తుడిచింది, మరక పోయిందనుకుంది.

ఆ మధ్యాహ్నం నేను పడుకున్నప్పుడు ఆవిడ బట్టలసబ్బు పెట్టి తలుపులు రుద్దింది. సబ్బులో క్షారం తగలగానే మరకలన్నీ ఎర్రబడ్డాయి. లేచి చూస్తే ఆవిడ కంగారుగా నిలబడి ఉంది. నేను నవ్వి "పారాణి పెట్టారా తలుపులకి?" అన్నాను. ఆవిడా నవ్వింది. రంగు వేయిద్దామని అప్పుడే అనుకున్నాం.

మేస్త్రి "తెల్లటిది, మెరిసేది వేసేద్దాం" అన్నాడు. పాత తెల్లరంగుల్లో వాడిన సఫేదా సీసం నుంచి వచ్చేది. ఇప్పటి ధగధగల తెలుపు 1916 ప్రాంతంలో నార్వేలో, అమెరికాలో పెద్దయెత్తున తయారవడం మొదలైన టైటానియం పొడిది. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకి 90 దాటకూడదన్న నియమం మన దేశంలో అమలైంది 2017 నవంబరు నుంచే. అందుకని మా పాత ఎనామిల్‌ని పొడిగా గీకనివ్వలేదు. తడిపి, ఎమరీ పేపరుతో రుద్దించి, ఆ మురికినంతా తడిగుడ్డతో ఎత్తించాను. మీ ఇంట్లో పాత అలమరలుంటే మీరూ అలాగే చేయించండి. ముఖ్యంగా పిల్లలున్న ఇళ్ళలో.

ఇక ఆరు ముక్కల పరీక్ష. బాగా మెరిసే తెలుపు చూసి ఆవిడ కొత్త కన్ను మూసుకుంది. "ఆస్పత్రి గోడ లెక్క కొడుతుంది" అంది. బాగా మీగడ రంగున్నది ఎడమకంటితో చూస్తే పాత తలుపులాగే ఉందంది. మళ్ళీ మరక దాక్కుంటుందన్నమాట. కొట్లో దీపం కింద ముచ్చటగా ఉన్న ఇంకొకటి, మా ట్యూబులైటు కింద ఆకుపచ్చగా కనిపించింది. ముక్కని బల్ల మీద పడుకోబెడితే ఒక రంగు, తలుపులా నిలబెడితే ఇంకో రంగు. అందుకే నిలబెట్టే చూడాలి. పొద్దున, సాయంత్రం, దీపం వేశాక, మూడుసార్లు చూడాలి. మేం పనిలో పనిగా 6500 కెల్విన్ దీపం తీసేసి 4000ది పెట్టాం. సగం సమస్య అక్కడే తీరింది.

చివరికి రెండు మిగిలాయి. ఒక గ్లాసులో గేదెపాలు, ఇంకో గ్లాసులో ఆవుపాలు పోసి పక్కన పెట్టాను. మొదటిది తెలుపు, రెండోది పాండువు అని ఆవిడకి చెప్పబోతున్నాను. అంతలో ఆవిడ బియ్యం డబ్బాలోంచి గుప్పెడు పాతబియ్యం తీసి ఒక ముక్క ముందు పోసింది. రెండు కళ్ళతోనూ విడివిడిగా చూసి, "గిది" అంది. దాని మీద నేను చిటికెడు పసుపు రుద్దాను. ఎడమకంటికి కనిపిస్తోందా అని అడిగాను. కొంచెం తడుముకుని, వేలు సరిగ్గా ఆ మరక మీదే పెట్టింది.

నీళ్ళతో కలిపే రకంలోనే తీసుకున్నాం, ఎనామిల్ అంత త్వరగా పసుపెక్కదని. పట్టు మెరుపుది, తుడవడానికి వీలుగా. పిడులు మాత్రం ముదురు రంగువి పెట్టించాను, ఆవిడ చెయ్యి తడుముకోకుండా.

రంగు డబ్బా మీద ఏదో ఇంగ్లీషు పేరుంది. మా ఇంట్లో దాని పేరు పాతబియ్యం. ఎడమకంటికి ఆపరేషను వచ్చే నెల. అప్పుడు ఈ రంగు ఆవిడకి ఎలా కనిపిస్తుందో తెలియదు. నచ్చకపోతే మళ్ళీ వేయిద్దామని చెప్పాను. చుట్టాల ముందు నేనన్న మాటకి మాత్రం, రంగులు ఆరుతున్న రోజు సాయంత్రం, అదే వంటింట్లో, తప్పయిందని చెప్పాను. ఆవిడ "పోనీ తియ్యి" అని, టీలోకి అల్లం దంచమంది.