హస్తమునకు తగిన వాద్యము



నాగలి మేడి దున్నువాని యెత్తునకు తగియుండవలెననియు, కాడి యెద్దుల మెడలకు సరిపడవలెననియు మీకు నేను చెప్పనక్కరలేదు. మెడమీద కాడిపుండు లేచిన యెద్దును సోమరియని నిందించువాడు మంచి సేద్యగాడు కాడు. మంచి సేద్యగాడు కాడిని దింపి చూచును, చెక్కవలసినచోట చెక్కించును. పశువు మెడయెడల చూపు ఈ వివేకమును విద్య నేర్చు పిల్లవాని చేతియెడల మనము చూపుచున్నామా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే నేటి ప్రసంగముయొక్క ప్రయోజనము.

విషయము గిటారు. ఈ వాద్యము మనది కాదు. స్పెయిను దేశమున పెరిగి లోకమంతట వ్యాపించినది. నేడు మన పల్లెలలో గూడ మనుమలును మనుమరాండ్రును గిటారు కావలెనని యడుగుచున్నారు. దానికి డబ్బిచ్చువారు మీరు. చేయి నొచ్చుచున్నదని వారు చెప్పినప్పుడు "కష్టే ఫలి" యని బదులు చెప్పువారును మీరే. కావున ఈ వాద్యము చరిత్రను మీకు విన్నవింపదలచితిని. ఆ చరిత్రలో ఒక సత్యము మరల మరల కానవచ్చును. ఈ వాద్యమును బాగుచేసినవారు హస్తమును వాద్యమునకు లొంగదీయలేదు; వాద్యమునే హస్తమునకు తగినట్లు తీర్చుకొనిరి.

పదునాఱవ శతాబ్దమున స్పెయినులో విహువేలా యను వాద్యము ప్రభువుల యిండ్లలో మన్నన గాంచెను. 1536లో లూయిస్ మిలాన్ అను విద్వాంసుడు వలెన్సియా నగరమున దానిని నేర్చుకొనువారికై యొక గ్రంథము ప్రకటించెను. దాని పేరు ఎల్ మాయెస్త్రో, అనగా ఉపాధ్యాయుడు. ఆనాటి తీగలు గొఱ్ఱెప్రేగులతో పేనినవి. మెట్లును ప్రేగుతీగలే, వానిని దండి చుట్టును ముడివేసి కట్టెడివారు. కావున వానిని జరుపుకొనుటకు వీలుండెను. గిటారు ఈ విహువేలాకు తోబుట్టువు వంటిది. మొదట దానికి నాలుగు వరుసల తీగలు, పిదప అయిదు వరుసలు నుండెను. అందు పెక్కువరుసలు జంటతీగలే. సుమారు 1800 నాటికి జంటలు పోయి ఆఱు ఒంటితీగలు నిలిచెను. ఒక వ్రేలితో రెండు తీగలను అదిమిపట్టుటకంటె ఒక తీగను అదుముట సులువని వేఱుగ చెప్పవలసిన పని లేదు.

మెట్లు జరుపుకొను కాలము మన వీణకును ఉండెను. రాగము మాఱినప్పుడెల్ల మెట్లు సవరించుకొనుట వైణికునకు తప్పనిదై యుండెను. తంజావూరును 1600 మొదలు 1634 వఱకు ఏలిన రఘునాథ నాయకుని ఆస్థానము తెలుగు కవులకు కాణాచి. ఇరువదినాలుగు స్థిరమైన మెట్లుగల వీణ ఆ ప్రభువు కాలముననే రూపొందెనని సంప్రదాయము. ఆ సవరణవలన వైణికుని చేతికి ఎంత శ్రమ తగ్గెనో వీణ యెఱిగినవారు గ్రహింపగలరు.

మరల గిటారు కడకు వత్తము. పందొమ్మిదవ శతాబ్దముయొక్క పూర్వార్ధమున పారిసు నగరమున ఇద్దఱు స్పెయినుదేశపు విద్వాంసులు ప్రసిద్ధులైరి. ఒకరు బార్సిలోనాలో 1778లో పుట్టిన ఫెర్నాండో సోర్. రెండవవారు మాడ్రిడ్‌లో 1784లో పుట్టిన డియోనిసియో అగ్వాడో. సోర్ గోటితో పనిలేక వ్రేలికొనతో తీగ మీటెను. అగ్వాడో గోటితో మీటెను. మతము వేఱైనను మైత్రి చెడలేదు. "ఇద్దఱు మిత్రులు" అను అర్థమిచ్చు పేరుతో సోర్ ఒక జంటగిటార్ల రచన చేసెను.

వీరిద్దఱును వాద్యమును పట్టుకొను పద్ధతిని గూర్చి మిక్కిలి ఆలోచించిరి. వాద్యము జాఱిపోవుచుండగా దానిని ఎడమచేతితో ఎత్తిపట్టవలసివచ్చినచో, ఆ చేతికి రెండు పనులగును: బరువు మోయుట యొకటి, స్వరము పలికించుట యొకటి. కావడి మోయుచు సూదిలో దారమెక్కింపగలమా? సోర్ 1830లో ప్రకటించిన బోధనగ్రంథమున వాద్యమును బల్ల అంచున ఆనించుకొను పద్ధతిని వివరించెను. ఎడమచేతి బొటనవ్రేలు దండివెనుక నడిమిభాగమున నుండవలెనని చెప్పెను. అగ్వాడో ఇంకొక అడుగు ముందునకు వేసి, గిటారును నిలిపి పట్టునట్టి ముక్కాలిపీటవంటి సాధనమును కల్పించెను. రెండు చేతులకును బరువు తప్పెను. బరువు తప్పిన చేయి స్వేచ్ఛగా ఆడును.

తరువాతి మహాశిల్పి అంటోనియో డి టోర్రెస్. ఈయన స్పెయినులోని అల్మెరియా ప్రాంతమున 1817లో జన్మించి 1892లో మరణించెను. నేటి సంప్రదాయ గిటారుయొక్క ఆకృతి ఈయన చేతిలోనే కుదురుకొన్నది. తీగ పలుకు నిడివి 650 మిల్లీమీటర్లు అను కొలత ఈయన వాద్యములవలననే స్థిరపడెను. ధ్వనికి మూలము పైపలకయేగాని ప్రక్కలును వీపును కావని నిరూపించుటకై 1862లో ఈయన కాగితపుటట్టతో వీపును ప్రక్కలును చేసి, పైపలకను మాత్రము కొయ్యతో చేసి ఒక గిటారును నిర్మించెను. కొనువారికి ఇందొక పాఠము కలదు. వెనుకభాగపు మెఱుగును చూచి మురిసిపోవువారు పైపలకను, దండిని చూడవలెను.

టోర్రెస్ వాద్యమును చేపట్టిన ఫ్రాన్సిస్కో టార్రెగా (1852–1909) ఎడమపాదము క్రింద చిన్నపీట పెట్టుకొని, ఎడమతొడపై గిటారును ఆనించుకొను ఆసనమును ప్రచారమునకు తెచ్చెను. దండి పైకి లేచినందున ఎడమ మణికట్టు వంకరపోవలసిన యవసరము తగ్గెను. జానెడెత్తు కూడ లేని కొయ్యపీట చేసిన మేలది! లోకమందలి సంగీత విద్యాలయములలో ఆ పీట నేటికిని కానవచ్చును.

ఇక తీగల సంగతి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున గొఱ్ఱెప్రేగుదారము శస్త్రవైద్యులకు గాయములు కుట్టుటకు కావలసివచ్చి, వాద్యకారులకు దొఱకుట కష్టమయ్యెను. అప్పుడు న్యూయార్కు నగరమున ఆల్బర్ట్ ఆగస్టీన్ అను వాద్యశిల్పి నైలాన్ తీగను తయారుచేయ పూనుకొనెను. మహావిద్వాంసుడైన ఆండ్రెస్ సెగోవియా (1893–1987) దానిని ఆదరించెను. ప్రేగుతీగ తేమకు సడలును, తెగును. నైలాన్ తీగ నిలుకడగలది, వ్రేలికి మెత్తనిది. నేర్చుకొనువారికి యుద్ధము తెచ్చిన మేలు ఇదియొక్కటి.

అమెరికాలో కథ వేఱొక త్రోవ పట్టెను. జర్మనీనుండి 1833లో న్యూయార్కునకు వలసవచ్చిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ స్థాపించిన కార్యశాల క్రమముగా పెద్దదయ్యెను. జనసమూహములలో ధ్వని గట్టిగా వినబడవలెనను కోరిక ప్రబలగా, 1920ల నాటికి ఉక్కుతీగలు వాడుకలోనికి వచ్చెను. ధ్వనికొఱకే వాద్యపు ఒడలును పెంచిరి. 1916లో మొదట చేసిన యొక భారీ గిటారునకు డ్రెడ్‌నాట్ అని పేరు పెట్టిరి. అది 1906లో ఆంగ్లేయులు సముద్రమున దింపిన మహాయుద్ధనౌక పేరు! నేడు అంగళ్లలో వ్రేలాడు గిటార్లలో పెక్కులు ఈ యుద్ధనౌక సంతతివే. పదేండ్ల పిల్లవాడు దానిని కౌగిలించుకొన్నచో కుడిభుజము చెవిదాక లేచును. ముంజేయి అంచుపై ఒరసికొనును.

తీగల బిగువును లెక్కించిన వ్యత్యాసము తేటపడును. నైలాన్ తీగలాఱును కలిసి దండిని సుమారు 40 కిలోల బలముతో లాగును. సామాన్యమైన ఉక్కుతీగలు సుమారు 70 కిలోల బలముతో లాగును. ఈ లాగుడునకు దండి వంగును. వంగిన తీగలు మెట్లనుండి పైకి లేచును. లేచిన తీగను అదుముటకు వ్రేలు మిక్కిలి శ్రమపడును. దీనికి విరుగుడుగా గిబ్సన్ కార్యశాలలోని థాడియస్ మెక్‌హ్యూ దండిలోపల ఇనుపకడ్డీ యమర్చి, మఱతో దండివంపును సవరించు ఉపాయము కనుగొనెను. దానికి 1923లో పేటెంటు లభించెను. ఆ మఱను తిప్పించుకొనక నొప్పిని భరించుచున్న విద్యార్థు లెందఱో కలరు.

"మా కాలమున ఇవి లేవే, మేము నేర్వలేదా?" అని మీరడుగవచ్చును. మీ కాలమునకు ముందే ఈ నొప్పిని గమనించినవారు కలరు. ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని వృత్తులవలన గలుగు రోగములను గూర్చి వ్రాసిన గ్రంథమున, 1713 నాటి కూర్పునందు వ్రాయసకాండ్ర చేతిబాధను వర్ణించెను. ఎడతెగని చేతికదలిక, కదలని కూర్చుండు తీరు, మనస్సుయొక్క ఒత్తిడి, ఈ మూడును కారణములని యాయన నిర్ణయము. నేను ముప్పదియేండ్లకు పైగా బడిలో తెలుగు చెప్పినవాడను. బలపమును పిడికిటబిగించి వ్రాయు పిల్లవాడు పుట తిరుగకమునుపే వ్రేళ్లు విదలించుకొనుట నిత్యము చూచితిని. వదులుగా పట్టించినచో వాని వ్రాతయు బాగుపడెడిది, ఓర్పును పెరిగెడిది.

నొప్పిని లెక్కచేయకపోవుటవలన కలిగిన నష్టమునకు ప్రసిద్ధమైన ఉదాహరణములు కలవు. జర్మనుదేశపు రాబర్ట్ షూమాన్ (1810–1856) పియానో విద్వాంసుడు కాదలచి, వ్రేలిని బలపఱచుటకు ఒక యంత్రమును వాడెను. 1832 నాటికి కుడిచేతి వ్రేలు పనికిరాకపోయెను. దానికి కారణమేమను విషయమున వైద్యులు నేటికిని ఏకాభిప్రాయులు కారు. వాదకుడుగా ఆయన జీవితము మాత్రము ముగిసెను. ఆయన గొప్ప రచయితయై వెలసెను గనుక లోకము నష్టపోలేదు. అందఱు పిల్లలును షూమానులు కారు. అమెరికాలోని లియోన్ ఫ్లైషర్ (1928–2020) కుడిచేతి వ్రేళ్లు 1960లలో ముడుచుకొనిపోగా, దాదాపు ముప్పదియేండ్లు ఎడమచేతి రచనలతో కాలము గడపెను. చికిత్స లభించిన పిమ్మటనే రెండుచేతులతో మరల వాయింపగలిగెను.

జాంగో రైన్‌హార్ట్ మాట చెప్పి నన్ను ఖండించువా రుందురు. 1928లో అగ్నిప్రమాదమున ఆయన ఎడమచేతి రెండువ్రేళ్లు దెబ్బతినెను. అయినను గిటారువాదనమున అగ్రగణ్యుడయ్యెను. నిజమే. కాని ఆయన చచ్చువ్రేళ్లను బలవంతముగా వంచలేదు. మిగిలిన రెండువ్రేళ్లకు తగిన క్రొత్త పద్ధతిని కల్పించుకొనెను. ఇదియు నా వాదమునే బలపఱచుచున్నది.

మన తెలుగునాట మఱియొక నిదర్శనము. పాలకొల్లులో 1969లో పుట్టి 2014లో కన్నుమూసిన ఉప్పలపు శ్రీనివాస్ చిన్నతనముననే మాండలిన్ చేపట్టెను. జంటజంటలుగా ఎనిమిదితీగలుండు ఆ విదేశీవాద్యము మన గమకములకు అనుకూలము కాదు. ఆయన జంటలను తీసివేసి ఒంటితీగలతో, విద్యుత్తు సాయముతో వాయించెను. అయిదవ తీగను చేర్చెను. వాద్యమును సవరించుకొన్నందుననే కర్ణాటక సంగీతసభలలో ఆ బాలునికి పెద్దలు పీట వేసిరి.

ఇక మీరు చేయదగినది క్లుప్తముగా విన్నవింతును. అంగడికి పిల్లవానిని వెంటబెట్టుకొని పోవలెను. చొక్కాకొలతవలె గిటారుకొలతయు వానిదే కావలెను. పెరిగినపిమ్మట సరిపోవునని పెద్దది కొనరాదు. పిల్లలకు అరకొలత, ముక్కాలుకొలత గిటార్లు దొఱకును. ముక్కాలుకొలత వాద్యమునకు తీగనిడివి సుమారు 580 మిల్లీమీటర్లుండును. మొదటి వాద్యమునకు నైలాన్ తీగలు మేలు. వానిని కూర్చుండబెట్టి, భుజములు లేవకున్నవా, మణికట్టు తిన్నగా నున్నదా, మొదటిమెట్టునకు చేయి చాచకయే అందుచున్నదా యని చూడవలెను. పండ్రెండవ మెట్టుకడ తీగ యెత్తు ఉక్కుతీగలకు 2 మొదలు 3 మిల్లీమీటర్లు, నైలాన్ తీగలకు 3 మొదలు 4 మిల్లీమీటర్లు ఉన్న చాలును. అంతకుమించినచో బాగుచేయువానికి చూపి సవరింపజేయవలెను. ఆ కూలి క్రొత్త గిటారువెలలో కొద్దిపాలే.

సాధనవిషయమున, తీగను మెట్టునకు చేరువగా, వెనుకతట్టున అదిమినచో తక్కువబలముననే స్వరము పలుకును. మొదటివారములలో పావుగంట చొప్పున రోజునకు రెండుమూడు మాఱులు వాయించుట గంటసేపు ఒక్కపట్టున వాయించుటకంటె మేలు. "అభ్యాసము కూసు విద్య" యన్నారు పెద్దలు. అభ్యాసము చేయుమనిరి గాని చేయిని చెఱుపుమనలేదు.

నొప్పులలో రెండు జాతులు కలవు. వ్రేలికొనలు మంటపుట్టి, కొన్ని వారములలో చర్మము గట్టిపడుట సహజము. కొడవలి పట్టిన క్రొత్తలో అరచేయి బొబ్బలెక్కి కాయకాచినట్టిదే. మణికట్టునందు, బొటనవ్రేలి మొదటియందు, మోచేతియందు పుట్టు నొప్పియు, రాత్రివేళ వ్రేళ్లు తిమ్మిరెక్కుటయు వేఱు జాతి. అవి తోచినచో ఆనాడే వాద్యము దింపించి, ఆసనమును తీగల యెత్తును పరీక్షింపవలెను. కొలదిదినములు విశ్రాంతి యిచ్చినను తగ్గనిచో వైద్యునికి చూపవలెను. ఆ సమయమున కష్టే ఫలి యనుట అపాయకరము.

"మొక్కై వంగనిది మానై వంగునా" యను సామెత మన నోట తఱచుగా వచ్చును. మొక్కను వంచువాడు దాని మెత్తదనము నెఱిగి వంచును, విఱుగునట్లు వంచడు. చేయి నొచ్చి గిటారును మూలబెట్టిన పిల్లవాడు తనకు విద్య రాదని జీవితాంతము నమ్మును. తప్పు వానిది కాదు, కాడిది. కాడిని చెక్కించు భారము మనది.