రాయపురం స్టేషను

చెన్నపురిలో స్థిరపడిన మన తెలుగువారిలో సెంట్రల్ స్టేషను ఎరుగనివారుండరు. ఊరినుంచి చుట్టాలు వచ్చినా, పెండ్లికి మనము తరలివెళ్లినా అక్కడికే గదా పోవలెను! కాని సెంట్రలుకంటె వయస్సులో పెద్దది అదే పట్నమున ఉత్తరపు దిక్కున ఒకటున్నది. అదే రాయపురం స్టేషను. రైల్వే గుమాస్తాలమైన మాకు దాని సంగతి నాలుగు మాటలు మనవారికి చెప్పవలెనని చాలకాలముగా కోరిక.

బొంబాయి–ఠాణాల మధ్య 1853లోను, హౌరా–హుగ్లీల మధ్య 1854లోను రైళ్లు నడిచిన పిమ్మట, దక్షిణాదిన మొదటి రైలు 1856 జూలై 1న ఇక్కడినుంచే బయలుదేరినది. అంతకు మూడు దినముల ముందే గవర్నరు హారిస్ ప్రభువు స్టేషనును తెరిచినాడు. బండి ఆర్కాటు దగ్గరి వాలాజా రోడ్డు వరకు, అనగా అరవై మైళ్లకు పైచిలుకు, పోయెడిది. కోట, రేవు, వర్తకుల పేటలు అన్నియు దగ్గర గనుక ఈ చోటు ఎన్నుకొన్నారు. ఎత్తయిన స్తంభాలతో ఆ భవనము స్టేషనువలె గాక ఏ జమీందారుగారి మేడవలెనో ఉండును. లండను పత్రికలో దాని బొమ్మలు కూడ పడినవి.

మనకు ముఖ్యమైన సంగతి ఒకటున్నది. అరక్కోణము వద్ద చీలిన మార్గము రేణిగుంట, కడప, గుంతకల్లుల మీదుగా సాగి 1871లో రాయచూరు చేరినది. సెంట్రల్ కట్టినది 1873లో. కనుక అంతకు ముందు రైలెక్కి పట్నము వచ్చిన రాయలసీమవారు మూటాముల్లెలతో దిగినది రాయపురముననే! బెజవాడ మార్గము 1899లో గాని కలియలేదు. కోస్తావారిలో పలువురికి అంతవరకు పడవలు, బండ్లు ఆధారము.

1907 నాటికి ప్రధాన స్థానము సెంట్రలుకు పోయినది. అయినను రాయపురము కచేరీగా బ్రతికినది. 1908లో ఏర్పడిన మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వేకు 1922 వరకు పెద్ద కార్యాలయము ఇక్కడనే. అది సెంట్రల్ ప్రక్కనున్న కొత్త భవనమునకు తరలినాక దీని మొగము చూచినవారు తక్కువ. ఏండ్లతరబడి గోడలు పెచ్చులూడి, కప్పు కారి, గబ్బిలాల పాలయినది. ఎట్టకేలకు 2005లో మరమ్మతులు చేసి రంగులు వేసినారు.

చెన్నపురికి మూడవ పెద్ద స్టేషను ఇదే కావలెనని కోరినవారు కలరు గాని, ఆ భాగ్యము తాంబరమునకు దక్కినది. ఈ పరిసరముల ఎలక్ట్రిక్ ఇంజన్ల షెడ్డు ఉన్నది. పాత కట్టడము కనబడగానే మ్యూజియము చేయుడనుట మనవారికి అలవాటు. మేము దానికి సమ్మతింపము. టిక్కెట్టు కొని జనము ఎక్కి దిగుచున్నంతవరకే అది స్టేషను. తాళము వేసి అద్దాలలో బొమ్మలు పెట్టినచో ఉత్త మేడ.

ఇప్పటికిని లోకలు బండ్లు అక్కడ ఆగుచున్నవి. దేశమున నిలిచియున్న స్టేషను భవనాలలోకెల్ల పాతదని దానిని చెప్పుకొందురు. పిల్లలకు చూపదలచినవారు గుమ్మిడిపూండి లోకలు ఎక్కవలెను. బీచి తరువాతి స్టేషను ఇదే.