మోకాళ్ళ మధ్య పట్టుకునే చెక్క

మా అమ్మాయి అమెరికాలో బోస్టన్ దగ్గర ఉంటుంది. అక్కడ పాత సామాన్లు అమ్మే చోట ఒక చెక్క వస్తువు కొని, "ఇదేమిటో చెప్పుకో చూద్దాం అమ్మా" అని ఫోటోలు పంపింది. విల్లులా వంగిన రెండు పొడుగాటి చెక్క బద్దలు, కింద కలిపి బిగించి ఉన్నాయి. పైన అంచులు రెండు పెదాల్లా ఒకదానికొకటి ఆనుకున్నాయి. మా వారు పొయ్యి దగ్గరి పట్టకారన్నారు. అత్తగారు పెద్ద అడకత్తెరన్నారు.

పట్టకారైతే కాలిన మచ్చలుండాలి, అడకత్తెరైతే ఇనుముండాలి. రెండూ లేవు. పై అంచుల దగ్గర సన్నటి పోట్లున్నాయి. బద్దలు మాత్రం బయటివైపు, మధ్యలో, పాత గడపలా నున్నగా అరిగాయి. చేత్తో పట్టుకుంటే అంత వెడల్పున అరగదు. అది మోకాళ్ళు ఒరుసుకున్న చోటు.

ఇది తోలు కుట్టేవాళ్ళ పనిముట్టు. ఇంగ్లీషులో క్లామ్ అంటారు. మోకాళ్ళతో నొక్కితే పై అంచులు తోలును కరిచి పట్టుకుంటాయి, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఆరెతో చిల్లు పొడిచి, ఒకే దారం రెండు కొసలకు రెండు సూదులెక్కించి, అదే చిల్లులోంచి అటొకటి ఇటొకటి దూరుస్తారు. ఒకచోట దారం తెగినా ఈ కుట్టు మిషను కుట్టులా ఊడిరాదు. మన వీధుల్లో చెప్పులు కుట్టేవాళ్ళు నేల మీద కూర్చుని పాదాలతో బిగించి పట్టుకుంటారు కదా, కుర్చీలో కూర్చునే చోట ఆ పని ఈ చెక్కది.

గుర్రపు జీన్లు కుట్టేవాళ్ళే కాదు, ఇల్లాళ్ళు కూడా ఇలాంటిది వాడారు. బోస్టన్‌కు ఉత్తరాన లిన్ అనే ఊరుంది. 19వ శతాబ్దంలో ఆడవాళ్ళ బూట్లకు పేరుపడ్డ ఊరు. మగవాళ్ళు ఇంటి పక్కన చిన్న కొట్టంలో అడుగుతోలు బిగించేవారు. పైతోలు ముక్కలు కలిపి కుట్టడం భార్యల పని, కూతుళ్ళ పని. అది ఇంట్లోనే, వంటా పిల్లల మధ్యే. మనం చీరకు ఫాల్ కుట్టుకుంటూ పాలగిన్నె మీద ఒక కన్ను వేయగలం. మోకాళ్ళ మధ్య చెక్క బిగించుకున్న మనిషి ఏడ్చే బిడ్డను ఒళ్ళోకి కూడా తీసుకోలేదు. ఇంత చేసినా మొదట్లో వాళ్ళకు విడిగా కూలి లేదు, బూట్ల డబ్బు ఇంటాయన చేతికే వచ్చేది. తర్వాత వ్యాపారులు నేరుగా వాళ్ళకే పనివ్వసాగారు, అదీ తక్కువ కూలికి.

1850లలో తోలు కుట్టే మిషన్లు ఫ్యాక్టరీలకు వచ్చాయి. ఇంట్లో చేత్తో కుట్టేవాళ్ళకు గడ్డుకాలం మొదలైంది. 1860 ఫిబ్రవరి 22న లిన్ బూట్ల పనివాళ్ళు సమ్మెకు దిగారు. ఎంత కూలి అడగాలన్న దగ్గర ఫ్యాక్టరీలో మిషను కుట్టేవాళ్ళకీ, ఇంట్లో కుట్టేవాళ్ళకీ పొసగలేదు. అయినా మార్చి 7న, మంచు కురుస్తుండగా, దాదాపు 800 మంది ఆడవాళ్ళు వీధుల్లో ఊరేగింపుగా నడిచారు. ఇంటాయన లెక్కలో కలిసిపోయిన పని, ఆ రోజు ఊరంతా చూసేలా బయటికొచ్చింది.

మీ అటక మీద కూడా పేరు తెలియని పనిముట్టు ఉంటే పారేయకండి. ముందు ఎక్కడ అరిగిందో చూడండి. ఎవరు ఎలా కూర్చుని పనిచేశారో అక్కడే తెలుస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే దాని పేరు అడిగి, ఒక కాగితం మీద రాసి దానికే కట్టిపెట్టండి.