వేటకు వచ్చిన రాజులు

మన కథల్లో రాజుగారు వేటకు బయలుదేరారంటే ఏదో ఒకటి జరిగి తీరాలి. దశరథుడు చప్పుడు విని ఏనుగనుకుని బాణం వేశాడు. తగిలింది నీళ్లు ముంచుకుంటున్న మునికుమారుడికి. పాండురాజు జింకను కొట్టాడు. అది జింక రూపంలో ఉన్న ముని. ఇద్దరికీ శాపమే మిగిలింది. ఊళ్లో చెల్లే రాజాజ్ఞ అడవిలో చెల్లదనీ, అక్కడి ఏలిక వేరే ఉన్నాడనీ మన పెద్దలు చెప్పిన తీరు అది.

శాపం తగలని వేట ఒకటి మన హైదరాబాదు తూర్పు కొసన జరిగిందంటారు. దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్.బి. నగర్‌కూ చేరువలో కర్మన్‌ఘాట్ ఉంది కదా, అక్కడి ఆంజనేయస్వామి గుడి కథ అది. హైదరాబాదు పుట్టింది 1591లో. ఈ కథ అంతకు ఎంతో ముందటిది, కాకతీయుల నాటిది. అప్పుడు ఇదంతా అడవి. కాకతీయ ప్రభువు వేటకు వచ్చాడు. ప్రోలరాజని కొందరు, ప్రతాపరుద్రుడని కొందరు. అలసి చెట్టు కింద కూర్చుంటే పొదల్లోంచి పులి గాండ్రింపు! విల్లు అందుకుని దగ్గరికి వెళ్లేసరికి ఆ గాండ్రింపు కాస్తా రామనామంగా వినిపించింది. పొదలు తొలగిస్తే పులి లేదు, ధ్యానంలో కూర్చున్న ఆంజనేయుడి విగ్రహం ఉంది. రాజు విల్లు దించి చేతులు జోడించాడు. గుడి వెలిసింది.

స్థలపురాణం శాసనం కాదు, నిజమే. కానీ ఒక్క సంగతి చూడండి. దశరథుడు చప్పుడు విని బాణం వదిలాడు. ఈయన విని ఆగాడు. తేడా అంతా అక్కడే ఉంది. పైగా సముద్రం దాటి, కొండను మోసుకొచ్చిన స్వామి ఇక్కడ కళ్లు మూసుకుని కూర్చున్నాడు. అంత బలం అంత నిమ్మళంగా ఉండగలదన్నమాట!

1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. గుడి పడగొట్టబోతే పిడుగులాంటి గర్జన వినిపించి పాదుషా చేతిలోని గునపం జారిపోయిందనీ, "రాజా, ముందు మనసు గట్టి చేసుకో" అని ఆకాశవాణి పలికిందనీ చెబుతారు. ఆ హిందుస్తానీ మాట 'కర్ మన్ ఘట్' నుంచే ఊరికి ఈ పేరట.

పులి మాట పురాణం, జింక మాట మాత్రం చరిత్రే. ఎల్.బి. నగర్ దాటి విజయవాడ రోడ్డున వెళితే వనస్థలిపురం దగ్గర హరిణ వనస్థలి వస్తుంది. ఒకప్పుడు నిజాం ప్రభువుల వేటస్థలం. వర్ధమాన మహావీరుడి నిర్వాణానికి రెండువేల అయిదువందల ఏళ్లు నిండిన సందర్భంగా, 1975లో, చీమకైనా హింస చేయొద్దన్న ఆ మహానుభావుడి పేరు దానికి పెట్టారు. తుపాకులు పోయాయి, నిజాములూ పోయారు. కృష్ణజింకలు మాత్రం అక్కడే మేస్తున్నాయి.

ఇప్పుడు వేటకు వచ్చే రాజులు లేరు. ఇళ్లస్థలాలు కొనుక్కునే మనం ఉన్నాం. చెరువు పల్లంలోనూ, వాగు దారిలోనూ గోడలు కట్టుకున్నాం. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు పొంగి, పక్క కాలనీల్లో వంటింటి గట్టు దాకా నీళ్లొచ్చాయి. బియ్యం డబ్బాలు, పిల్లల పుస్తకాలు, మంచాలు, పరుపులు అన్నీ తడిసిపోయాయి. నీటికి పట్టా అక్కర్లేదు, తన చోటు దానికి తెలుసు.

మంగళవారం వడమాల పట్టుకుని కర్మన్‌ఘాట్ వెళ్లేవాళ్లం చాలామందిమే ఉన్నాం. ప్రదక్షిణలు అయ్యాక కాసేపు కూర్చున్నప్పుడు, విల్లు దించిన ఆ రాజును కూడా తలుచుకుంటే బాగుంటుంది. స్థలం కొనే ముందు అక్కడ ఇదివరకు నీళ్లు నిలిచేవా అని ఊరి ముసలమ్మను ఒక్కమాట అడిగితే, అదీ ఆగి వినడమే కదా!