యావజ్జీవం

‘యావత్’కు ‘జీవం’ చేరి సంస్కృతం నుంచి వచ్చిన మాట ఇది. బతికున్నంత కాలం అని అర్థం. శిక్షల్లో దీని పక్కనే వినిపించే ‘ఉరి’ అచ్చ తెలుగు మాట. వేటగాడు పిట్టకు పన్నే ఉచ్చునూ ఉరి అనే అంటారు.

1955లో సవరణ వచ్చేదాకా భారత శిక్షాస్మృతిలో యావజ్జీవ ఖైదు స్థానంలో ఉన్నది ద్వీపాంతరవాసం, అంటే అండమాన్. శ్రీకాకుళం నుంచి ఎంతోమంది కూలిపనికి ఓడెక్కి అక్కడి పోర్ట్‌బ్లెయిర్ వెళ్లారు. ఒకప్పుడు అక్కడికి పంపడమే శిక్ష!

యావజ్జీవమంటే 14 ఏళ్లే అని జనంలో గట్టి నమ్మకం. అది తప్పు. మరణశిక్షకు వీలున్న నేరంలో యావజ్జీవం పడితే, విడుదలకు ముందు కనీసం అన్నేళ్లు లోపల ఉండాలని 1978లో చట్టంలో చేర్చారు. మిగిలిన ఆయుష్షంతా జైలేనని సుప్రీంకోర్టు 1961లోనే చెప్పింది. ఈ సంగతి తెలియకే చాలామంది ‘ఉరే సరి’ అంటారు.

శ్రీకాకుళ గిరిజన పోరాటంలో నక్సలైట్ నాయకుడు నాగభూషణ్ పట్నాయక్‌కు ఉరిశిక్ష పడింది. క్షమాభిక్ష అడగనన్నారాయన. తర్వాత అది యావజ్జీవమైంది. బయటికొచ్చి 1998 దాకా బతికారు. ఆదిలాబాద్ నక్సలైట్లు భూమయ్య, కిష్టాగౌడ్‌లను మాత్రం ఎమర్జెన్సీలో, 1975 డిసెంబరు 1న, ముషీరాబాద్ జైల్లో ఉరితీశారు. తీర్పు తప్పని తేలితే ఖైదీని విడిచిపెట్టొచ్చు, ఉరితీసిన మనిషిని తేలేం. అందుకే నేను ఉరి వద్దంటాను.

ఇప్పుడు కొన్ని నేరాలకు చట్టమే ‘మిగిలిన సహజ జీవితమంతా’ అని విడమరిచి చెబుతోంది.